ఎర్రటి చుక్కలు

అంబాసిడర్‌లో క్లచ్ తొక్కడం నేర్చుకున్న మన ఎడమకాలికి అమెరికాలో పని ఉండదు. జనరల్ మోటార్స్ వాళ్ళు 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్‌లో ‘హైడ్రామాటిక్’ పెట్టింది మొదలు, ఇక్కడ గేర్లు మార్చే పని మెల్లిగా ఆయిల్ ఒత్తిడి చేతికి పోయింది.

డెట్రాయిట్ శివార్లలో ఉండగా మాకో 1996 మోడల్ కారుండేది. 2007 జనవరిలో దానికి జబ్బు చేసింది. ‘డి’లో పెడితే కాసేపు ఆలోచించి గాని కదలదు. రెండో గేరు నుంచి మూడుకి మారేటప్పుడు ఇంజన్ రొద పెరుగుతుంది, వేగం పెరగదు. షాపతను చూసి, ట్రాన్స్‌మిషన్ మొత్తం విప్పి కట్టాలి, 2,000 డాలర్లన్నాడు. కారే అంత చెయ్యదు! ఆఫీసు 30 మైళ్ళు, బస్సు లేదు. కారు లేకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే వీసా లేదు.

కారు పుస్తకంలో చెప్పినట్టు ఇంజన్ వేడెక్కాక, చదునైన చోట, ‘పార్క్’లో నడుస్తుండగానే డిప్‌స్టిక్ తీసి చూశాను. ఆయిల్ నల్లబడి మాడువాసన వేస్తే లోపలి క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్టే. మాది ఎర్రగానే ఉంది, కాకపోతే బాగా తగ్గింది. రాత్రి కారు కింద అట్ట పరిచాను. తెల్లారేసరికి ఎర్రటి చుక్కలు! ఆయిల్‌ని చల్లబరచడానికి రేడియేటర్‌కి తీసుకెళ్ళే గొట్టాన్ని, మంచు కరగడానికి రోడ్లమీద చల్లే ఉప్పు తినేసింది.

గొట్టం, ఆయిల్, ఫిల్టర్ కలిపి 120 డాలర్లు. ఆ బండి మరో మూడు చలికాలాలు నడిచింది.

ఇప్పుడు చాలా కొత్త కార్లకి ట్రాన్స్‌మిషన్ డిప్‌స్టిక్కే ఉండటం లేదు. ఆయిల్ రంగు చూడాలన్నా షాపుకే పోవాలి. అదొక్కటే నాకు నచ్చని సంగతి.