సాఫ్ వేరు, పాక్ వేరు

మా ఇళ్లల్లో సాఫ్ వేరు, పాక్ వేరు. తళతళలాడే బట్టయినా దానికి నజాసత్ అంటిందంటే అది పాక్ కాదు. కంటికి సాఫ్‌గానే ఉంటుంది, నమాజుకు మాత్రం పనికిరాదు. దవాఖానాల్లో మెరిసే ఫ్లోర్లు చూసినప్పుడల్లా ఈ ఫర్క్ నాకు గుర్తొస్తుంది.

కాండిడా ఆరిస్ అని ఈస్ట్ జాతి ఫంగస్ ఒకటుంది. 2009లో జపాన్‌లో ఒక ముసలావిడ చెవిలో దొరికిందని వెల్లడించారు. లాటిన్‌లో ఆరిస్ అంటే చెవి. 2013కల్లా ఢిల్లీ దవాఖానాల్లోనూ దీని సంగతి బయటపడింది. ఫ్లూకోనజోల్ లాంటి మామూలు దవా దీని మీద చాలాసార్లు బేకార్. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అన్నిటికన్నా ఖతర్నాక్ ఫంగస్‌ల వరుసలో చేర్చింది. మంచం కమ్మీల మీద, థర్మామీటర్ల మీద వారాల తరబడి బతికే రకం ఇది.

దవాకు లొంగదంటే దేనికీ లొంగదని కాదు. క్లోరిన్ మందులు, హైడ్రోజన్ పెరాక్సైడ్ దీన్ని చంపుతాయి. చేతులకు ఆల్కహాల్ రబ్ పనిచేస్తుంది. చాలా దవాఖానాల్లో వాడే క్వాటర్నరీ అమ్మోనియం మందులు మాత్రం దీని ముందు కమ్‌జోర్. మరీజ్‌కి క్లోర్‌హెక్సిడిన్‌తో ఒళ్లు తుడిచినా చర్మం మీద నెలల తరబడి మిగిలిపోవచ్చు. అందుకే మంచం, బల్ల, మిషన్ల సఫాయి అంత జరూరీ.

ఇక్కడే అసలు షరతు ఉంది. 5 శాతం బ్లీచ్ ఒక పాలుకు 49 పాళ్లు నీళ్లు కలిపితే పదిలక్షల్లో వెయ్యి వంతుల క్లోరిన్ వస్తుంది. ముందు మురికి కడగాలి. తర్వాత ఈ మందు అంతటా తగలాలి, సీసా మీద రాసినంత సేపు తడిగా ఉండాలి. వుజూలో గోరంత చోటు పొడిగా మిగిలినా వుజూ కానట్టే ఇదీ.

మా ఖాలా ఒక ప్రైవేట్ దవాఖానా ఐసీయూలో సఫాయి పని చేస్తుంది. ఒక మరీజ్‌ని వార్డుకు మార్చేలోపే ఇంకో మరీజ్ స్ట్రెచర్ మీద వచ్చి తలుపు దగ్గర ఉంటాడట. "మందు ఆరకముందే పొడిగుడ్డతో తుడిచేసి చాదర్ పరచమంటారు బేటా. ఆగితే సూపర్‌వైజర్ గరం అవుతాడు" అంటుంది. రేపు ఎవరికైనా ఇన్‌ఫెక్షన్ వస్తే ఇల్జామ్ మాత్రం ఖాలా పోచా మీదే పడుతుంది.

మంచి మందు కొనడానికి పైసలున్నాయి. అది పనిచేయడానికి కావలసిన వక్త్ ఇవ్వడానికే ఎవరికీ మనసు రాదు. షిఫా అల్లాహ్ చేతిలో ఉంది. మంచానికి ఆ నాలుగు నిమిషాలు మాత్రం మేనేజ్‌మెంట్ చేతిలోనే ఉన్నాయి.