వీడియో బీరువా: లైబ్రరీ డైరీ పుటలు

జూన్ 18, 2025, బుధవారం

బడి తెరిచి వారమైంది. లైబ్రరీ వెనక గదిలోని వీడియో బీరువాను ఈ ఏడాది సర్దుతానని హెడ్‌మాస్టారితో చెప్పి అనుమతి తీసుకున్నాను. పై అరల్లో వీహెచ్ఎస్ క్యాసెట్లు, నడిమి అరలో వీసీడీలు, కింద డీవీడీలు. ఇవి కాక టీచర్ల పెన్‌డ్రైవుల్లో ఫైళ్లు. అక్సెషన్ రిజిస్టర్లో చాలావాటికి ఎదురుగా ‘సైన్సు సీడీ’ అని తప్ప ఏమీ లేదు. సైన్సులో ఏ పాఠం? ఏ తరగతికి? తెలుగా, ఇంగ్లిషా? ఏడో తరగతి పిల్ల వచ్చి “మేడమ్, అగ్నిపర్వతాల వీడియో ఉందా?” అంటే ఈ రిజిస్టరు చూసి జవాబు చెప్పలేం. అడిగినప్పుడు చేతికి దొరకని వీడియో ఉన్నా లేనట్టే.

జూన్ 21, శనివారం

అటెండరూ నేనూ కలిసి క్యాసెట్లు ఏరాం. ఒక్కోదాన్నీ కిటికీ వెలుతురులో పట్టి చూశాం. టేపు చుట్ట మీద తెల్లటి బూజు కనిపించినవాటిని విడిగా అట్టపెట్టెలో వేసి మూసేశాం. బూజు పట్టిన క్యాసెట్ నడిపితే అది వీసీఆర్ హెడ్లకు అంటుకుని, తర్వాత పెట్టే మంచి క్యాసెట్‌కూ పాకుతుంది. విజయవాడ వానాకాలపు తేమలో ఈ జాగ్రత్త తప్పదు. బాగున్నవాటిని ఒక చివరికి పూర్తిగా చుట్టి, నిలువుగా పేర్చాం.

వీహెచ్ఎస్‌ను జపాన్ కంపెనీ జేవీసీ 1976లో తెచ్చింది. వీసీఆర్లు చేస్తూ వచ్చిన చివరి కంపెనీ ఫునాయ్ 2016లో తయారీ ఆపేసింది. మన వీసీఆర్ పనిచేస్తున్నప్పుడే ముఖ్యమైనవి కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలి. మూడు గంటల క్యాసెట్ ఎక్కాలంటే మూడు గంటలూ పడుతుంది. అందుకని బజార్లో దొరికే సినిమాలను పక్కనపెట్టి, మన వార్షికోత్సవాలు, సైన్సు ప్రదర్శనలు, టీవీలోంచి రికార్డు చేసుకున్నవి ముందు ఎక్కిస్తాను.

జూన్ 27, శుక్రవారం

‘గ్రహణం’ అని పెన్నుతో రాసి ఉన్న క్యాసెట్ పెట్టి చూశాను. 1995 అక్టోబరు 24 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం, దూరదర్శన్ ప్రత్యక్ష ప్రసారం! అప్పటి మాస్టారెవరో పిల్లల కోసం రికార్డు చేసిపెట్టారు. సూర్యుడి అంచున వజ్రపుటుంగరం మెరిసేది ఎన్నో నిమిషంలోనో రాసుకున్నాను. డ్యూయీ వర్గీకరణలో సూర్యగ్రహణాలు 523.78. దీనికీ అదే నంబరు.

ఇక దేన్నయినా విషయాన్ని బట్టే సర్దుతాను. క్యాసెట్ అయితే నంబరు ముందు ‘వీ’, డీవీడీకి ‘డీ’, ఫైలుకు ‘ఫై’. వస్తువు బీరువాలోనే ఉంటుంది. పుస్తకాల అరలో ఆ నంబరు దగ్గర మాత్రం ఒక అట్టముక్క నిలబెడతాను: ‘దీని మీద వీడియో కూడా ఉంది, అడగండి.’ ఖగోళం పుస్తకం కోసం వచ్చిన పిల్లకు గ్రహణం వీడియో సంగతి అక్కడే తెలియాలి.

జులై 3, గురువారం

‘భారత్ ఏక్ ఖోజ్’ డీవీడీలు పట్టుకుని కూర్చున్నాను. శ్యామ్ బెనెగళ్ తీసిన ఈ సీరియల్ 1988లో దూరదర్శన్‌లో మొదలైంది, మొత్తం 53 ఎపిసోడ్లు. అంతటికీ కలిపి ‘చరిత్ర, 954’ అని ఒక్క ఎంట్రీ రాస్తే అశోకుడి పాఠం చెప్పే టీచరుకు ఏం ఉపయోగం? ఎపిసోడ్ వారీగా రాయాల్సిందే.

పుస్తకాన్ని అర దగ్గరే నిలబడి తిరగేసి చూసుకోవచ్చు. వీడియోకు ఆ వీలు లేదు. ఆ తిరగేసే పని క్యాటలాగే చేసిపెట్టాలి. క్యాటలాగు వివరాలను నంబర్ల గడుల్లో నింపే మార్క్ పద్ధతిలో దీనికి చోటు ఉంది: 505లో లోపలి భాగాల పట్టిక, 520లో సారాంశం, 521లో ఏ వయసువారికి, 546లో భాష. లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహాలో ఇవన్నీ నింపవచ్చు, అది ఉచితం కూడా. నింపాలంటే మాత్రం ఎవరో ఒకరు కూర్చుని వీడియో చూడాలి. ఈ ఉద్యోగంలో అసలు పని అదే.

జులై 10, గురువారం

డీవీడీల మీద స్టిక్కర్లు వద్దని నిర్ణయం. అంటించిన కాగితం వల్ల డిస్క్ తూకం తప్పి సరిగా తిరగదు. నంబరు మధ్యలోని పారదర్శక వలయం మీద మార్కర్‌తో రాస్తున్నాం. తరగతిలో సినిమా వేయవచ్చా అని కొత్త టీచరు అడిగారు. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, బడి కార్యక్రమంలో భాగంగా విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, బడికి సంబంధించినవారు మాత్రమే చూస్తుంటే వేయవచ్చని చెప్పాను.

ఆగస్టు 12, మంగళవారం

ఈ రోజు ఎస్.ఆర్. రంగనాథన్ జయంతి, మన గ్రంథాలయాధికారుల దినోత్సవం. 1931లో ఆయన ప్రకటించిన అయిదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం కాపాడమంటుంది. మన బీరువాకు సరిగ్గా వర్తించే సూత్రం ఇది. అగ్నిపర్వతాలు 551.21 కింద చేరాయి, అడిగితే వెంటనే తీసివ్వగలం.

నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవారికి ఒక్క మాట: కొత్త వీడియో ఏది వచ్చినా పూర్తిగా చూసి, లోపల ఏముందో నాలుగు వాక్యాలు రాశాకే బీరువాలో పెట్టండి.