ముప్పావలా వడ్డీ

పల్నాటి పల్లెల్లో వడ్డీని ఏడాదికి ఇంత శాతమని చెప్పుకోరు. నూటికి నెలకు ఎంత అన్నదే లెక్క. రెండు రూపాయల వడ్డీ అంటే బ్యాంకు భాషలో 24 శాతం. రూపాయి వడ్డీ అంటే 12 శాతం. అర్ధరూపాయి వడ్డీ అంటే ఆరు. ఈ కొలత ప్రకారం 9 శాతానికి తెచ్చిన ఇంటి అప్పు ముప్పావలా వడ్డీ అప్పు. అప్పును గడువుకు ముందే తీర్చాలనుకునే కుటుంబానికి ఇంతకంటే మంచి కొలబద్ద లేదు. బ్యాంకు గోడ మీద రాసిన శాతం చదివి ఊరుకునే మనిషి కూడా, అదే సంగతి ముప్పావలా అని చెబితే వెంటనే వేళ్ల మీద లెక్క వేస్తాడు.

అలాంటి పల్లెలున్న బొల్లాపల్లి, వినుకొండ నియోజకవర్గంలోని మెట్ట మండలం. నల్లమల అంచున ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు గుంటూరు జిల్లా నుంచి ఆ కొత్త జిల్లాలోకి వచ్చింది. మిరప, పత్తి, కంది ఇక్కడి పంటలు. బ్యాంకు కిస్తీ నెలనెలా కట్టాలి, పంట డబ్బు ఏడాదికి ఒక దఫా వస్తుంది. ఇక్కడి ఇంటి అప్పు కథంతా ఈ రెండింటి మధ్య నడుస్తుంది. అప్పు సాధారణంగా ఉద్యోగం ఉన్న కొడుకు పేరునో కోడలి పేరునో ఉంటుంది. కిస్తీ జీతంలోంచి పోతుంది. మిర్చి అమ్మిన ఏడాది ఇంటి పెద్దలు కొంత మొత్తం తెచ్చి దాని మీద వేస్తారు. నెల కిస్తీ మాత్రమే కట్టే పట్నం కాపురానికి ఈ వీలు లేదు.

ఆ మొత్తం ఏం చేస్తుందో అంకెల్లో చూడాలి. 10 లక్షల అప్పు, ముప్పావలా వడ్డీ, 20 ఏళ్ల గడువు అయితే కిస్తీ 8,997 రూపాయలు. మొదటి నెల కిస్తీలో 7,500 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 1,497. ఏడాదంతా తప్పకుండా కడితే చేతిలోంచి 1,07,967 రూపాయలు వెళ్తాయి. అసలు మాత్రం 18,727 రూపాయలే తగ్గుతుంది. ఏడాది చివర పాస్‌బుక్ చూసుకున్నవాళ్లకు కడుపు మండేది ఇక్కడే. అయితే ఇందులో మోసమేమీ లేదు. మిగిలి ఉన్న అసలు మీద వడ్డీ పడుతుంది, మొదట్లో అసలు ఎక్కువ కాబట్టి వడ్డీ ఎక్కువ. అందుకే ముందస్తుగా కట్టే డబ్బుకు మొదటి ఏళ్లలో ఉన్న బలం చివరి ఏళ్లలో ఉండదు. పైన చెప్పిన అప్పులో మొదటి ఏడాది ముగిసేసరికి మిర్చి డబ్బులోంచి 50,000 వేస్తే 27 కిస్తీలు ఎగిరిపోతాయి. అంత మొత్తం చేతికి రానివాళ్లు మొదటి నెల నుంచి కిస్తీకి వెయ్యి కలిపి కట్టినా 240 నెలల అప్పు 186 నెలల్లో తీరుతుంది. వడ్డీలో 3 లక్షలకు పైగా మిగులుతుంది.

మొత్తం కట్టినప్పుడు నోరు తెరిచి అడగాల్సిన మాట ఒకటుంది: ‘కిస్తీ తగ్గించొద్దు, నెలలు తగ్గించండి.’ ఈ మాట రాతపూర్వకంగా ఇవ్వాలి. కొన్నిచోట్ల అడగకపోతే గడువును అలాగే ఉంచి కిస్తీ తగ్గిస్తారు. అదే 50,000కు కిస్తీ నెలకు 458 రూపాయలు తగ్గుతుంది, ఇల్లు తేలికపడినట్టే ఉంటుంది. కానీ చివరిదాకా అలాగే నడిస్తే వడ్డీలో మిగిలేది 54 వేల చిల్లర. నెలలు తగ్గిస్తే మిగిలేది దాదాపు 1,98,000. తిండి తగ్గించుకుని తెచ్చిన సొమ్ముకు ఇంత తేడా రావడం ఒక్క సంతకం దగ్గర తేలిపోతుంది. కిస్తీ తగ్గించాలా నెలలు తగ్గించాలా అన్న ప్రశ్న బ్యాంకు వైపు నుంచే రావాలి. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, వడ్డీ రేటు మారినప్పుడైతే కిస్తీ పెంచుకోవాలా గడువు పెంచుకోవాలా అన్నది అప్పు తీసుకున్నవాళ్లే ఎంచుకోవాలి. మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి అప్పును ముందే తీర్చినందుకు బ్యాంకులు జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది.

ముందస్తుగా కట్టే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది తర్వాతి సంగతి. కరెంటు బుగ్గ ఆర్పడం, బస్సు చార్జీ మిగల్చడం వంటివాటితో వచ్చేది తక్కువ. మెట్ట ఊళ్లలో అసలైన పొదుపు ఏడాది గ్రాసం. కంది కోతలయ్యాక, జనవరి ఫిబ్రవరి నెలల్లో, ఏడాదికి సరిపడా కందులు ఇంట్లో ఆపుకుంటారు. కందులకు ఎర్రమన్ను తడి పట్టించి ఎండబోస్తారు. బాగా ఎండితే పొట్టు వదులుతుంది, తిరగలిలో పోసి విసిరితే బద్ద నిలువునా విడిపోతుంది. చేటలో చెరిగితే పప్పు ఒకవైపు, నూక ఒకవైపు, పొట్టు ఒకవైపు. పొట్టు గేదెకు పోతుంది. నూక రోజువారీ పప్పుచారుకు చాలు. ఆ పప్పు ఉడికితే వచ్చే వాసన ప్యాకెట్టు పప్పుకు రాదు. రుచి తెలిసినవాళ్లు ఈ మాట కాదనరు. మిరపకాయల్లో తాలు ఏరి పక్కన పోసి, మంచి కాయలోంచి ఏడాది కారానికి సరిపడా తీసి ఉంచుకుంటారు. చింతపండు వేసవికి ముందు కొని, గింజ తీసి, ఉప్పు చల్లి కుండకెత్తుతారు.

దీన్ని చాదస్తమనుకునేవాళ్లు పైసల లెక్క వేసి చూడాలి. కోతల్లో వంద రూపాయలకు దొరికిన సరుకు ఆరు నెలలకు నూట పన్నెండైతే, ముందే కొన్న కుటుంబం రెండు రూపాయల వడ్డీ సంపాదించినట్టే. ఏ పోస్టాఫీసూ ఆ వడ్డీ ఇవ్వదు. అందుకే పెద్దలు తెచ్చిన మిర్చి డబ్బులోంచి మొదట గ్రాసానికి తీసి, ఆ తర్వాతే బ్యాంకుకు వెళ్లడం సరైన వరస. పురుగు పట్టకుండా కాపాడుకోగలిగినంత వరకే ఈ లాభం. తిరగలి అటకెక్కిన ఇళ్లు ఇప్పుడు ఎక్కువే. పల్లెల్లో మరపట్టించే వీలు ఇంకా ఉంది, వాడుకోవాలి.

చిన్న పెట్టుబడుల సంగతి కూడా ఆ కొలతతోనే తేలుతుంది. 2025లో పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ వడ్డీ 6.7 శాతం, అంటే 56 పైసలు. పీపీఎఫ్ 7.1 శాతం, 59 పైసలు. ఆడపిల్ల పేరు మీద కట్టే సుకన్య సమృద్ధి 8.2 శాతం, 68 పైసలు. ముప్పావలాకు తెచ్చిన అప్పు నెత్తిన ఉండగా 56 పైసలకు డబ్బు దాస్తే నూటికి నెలకు 19 పైసలు నష్టం. అయినా రికరింగ్ డిపాజిట్ ఒకటి ఉండాలి. మూడు నాలుగు కిస్తీలకు సరిపడేంత సొమ్ము అందులో లేకపోతే, ఆసుపత్రి ఖర్చు వచ్చిన రోజు మళ్లీ రెండు రూపాయల వడ్డీకి చెయ్యి చాపాల్సి వస్తుంది. నూటికి 19 పైసలు ఆ అవస్థ రాకుండా కట్టే కాపలా కూలి. సుకన్య ఖాతా కూడా ఆపకూడదు. ఏడాదికి 250 రూపాయలతోనైనా నడుస్తుంది, పిల్ల చదువు సొమ్ము అప్పులో కలిసిపోకుండా విడిగా నిలుస్తుంది. డ్వాక్రా సంఘం పొదుపు మానకూడదు. అక్కడ దాచేది కొంచెమే అయినా, దాని వెనక తక్కువ వడ్డీకి దొరికే సంఘం అప్పు ఉంది. రిజిస్టరు కాని చీటీల జోలికి వెళ్లకపోవడం మంచిది.

మ్యూచువల్ ఫండ్లు నెలకు రూపాయి వడ్డీకి మించి ఇచ్చిన కాలాలు ఉన్నాయి, అసలుకే మోసం తెచ్చిన కాలాలూ ఉన్నాయి. గుంటూరు యార్డులో వచ్చే ఏడాది మిర్చి ధర ఎంతో ఎవరూ చెప్పలేనట్టే ఇది కూడా. పంటతో ఒకసారి పందెం కాసిన కుటుంబం ఇంటి మీద రెండో పందెం కాయనక్కర్లేదు. అప్పు తీర్చితే మిగిలే ముప్పావలా ఖాయమైన ముప్పావలా. ఇంటి అప్పు ఉంటే పన్ను తగ్గుతుంది కాబట్టి ముందే తీర్చొద్దనే సలహా కూడా వినపడుతుంది. వ్యవసాయ ఆదాయానికి కేంద్రం ఆదాయపు పన్ను లేదు. కొత్త పన్ను విధానంలో తాము నివసించే సొంత ఇంటి అప్పు వడ్డీకి మినహాయింపు లేదు. పాత విధానంలో ఉండి పన్ను కట్టే ఉద్యోగికి తప్ప ఆ సలహా పనికిరాదు.

చివరి కిస్తీతో పని ముగియదు. కుదువపెట్టిన దస్తావేజులు చేతికి రావాలి. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు కాగితాలు తిరిగి ఇవ్వాలని, ఆలస్యానికి బ్యాంకే కారణమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరు 13న ఆదేశించింది. 2023 డిసెంబరు 1 నుంచి అది అమల్లో ఉంది. అప్పు లేదన్న ధ్రువపత్రం తీసుకోవాలి. తాకట్టు రిజిస్టరై ఉంటే దాని రద్దు కూడా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేయించాలి. ఆ తర్వాత కొత్తగా ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీయించి, అందులో తాకట్టు రద్దయినట్టు ఎక్కిందో లేదో కళ్లారా చూసుకుని, దస్తావేజులతో కలిపి ఇంట్లో భద్రం చేసుకోవాలి.