చెన్నపట్నంలో హాళ్లు ముందు, స్టూడియోలు తరువాత

తెలుగు సినిమా మద్రాసులో ఎందుకు వేళ్లూనుకుందని అడిగితే మామూలుగా వినిపించే జవాబు స్టూడియోలు. 1934 నాటికి అక్కడ మాటలు రికార్డు చేసే యంత్రాలు దిగాయి, అంతవరకూ బొంబాయికీ కలకత్తాకీ పరుగులు తీసిన నిర్మాతలు ఇంటిముఖం పట్టారు, ఆ తరువాతదంతా దాని ఫలితమే అంటారు. ఇందులో అబద్ధం లేదు గానీ ఇది కథను సగంలో అందుకుంటుంది. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ ఇరవై ఏళ్లలో ఆ నగరం వినోదానికి ఎక్కడ చేరిందో, ఎవరి పక్కన కూర్చుందో చూస్తే అసలు వరుస తెలుస్తుంది. ముందు ప్రేక్షకులు కూడారు. వాళ్ల కోసం హాళ్లు లేచాయి. హాళ్లు నడిపినవాళ్లకే బొమ్మలు తీయాలన్న ఊహ కలిగింది. స్టూడియో వచ్చింది ఆ తరువాతే.

ఈ వరుసకు మొదటి సాక్ష్యం రఘుపతి వెంకయ్య జీవితమే. బందరు నుంచి వచ్చి మద్రాసులో ఫోటో స్టూడియో పెట్టుకున్న మనిషి ఆయన. 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించి, బొమ్మకు గ్రామఫోన్ పాట జతచేసి విక్టోరియా పబ్లిక్ హాలులో ఆడించారు. తరువాత అదే యంత్రంతో ఊళ్లు తిరుగుతూ సింహళానికీ బర్మాకీ వెళ్లారు. అలా కూడబెట్టిన డబ్బుతో 1914లో మౌంట్ రోడ్డు దగ్గర గెయిటీ కట్టించారు. ఆ సరికి మద్రాసులో సినిమా హాళ్లు లేకపోలేదు. ముందటి ఏడే వార్విక్ మేజర్ అనే దొర ఎలక్ట్రిక్ థియేటర్ తెరిచాడు. కానీ ఆ నగరంలో భారతీయుడు కట్టించిన మొదటి హాలు గెయిటీయే. మింటు వీధిలో క్రౌన్, పురసవాకంలో గ్లోబ్ ఆ తరువాతవి. ఇన్ని హాళ్లు నిలిచాకే కొడుకు రఘుపతి ప్రకాశ్‌ను చిత్రనిర్మాణం నేర్చుకోవడానికి సీమకు పంపారు. స్టార్ ఆఫ్ ది ఈస్ట్ కంపెనీ పెట్టి ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీసింది 1921లో. కంపెనీ ఎక్కువ కాలం నిలవలేదు, హాళ్లు మాత్రం దశాబ్దాల తరబడి నిలిచాయి. 1929లో జనరల్ పిక్చర్స్ స్థాపించిన ఎ. నారాయణన్ కూడా పంపిణీ వ్యాపారంలోంచి నిర్మాణంలోకి వచ్చినవారే. టిక్కెట్టు కొనే మనిషిని ఎరిగినవాళ్లే ఆ నగరంలో కెమెరా పట్టారు.

ఆ టిక్కెట్టు కొనే మనిషి మాత్రం ఎక్కడి నుంచి వచ్చాడు? చాలావరకు నాటకం నుంచి. సెంట్రల్ స్టేషను పక్కనున్న విక్టోరియా పబ్లిక్ హాలులో సుగుణ విలాస సభ తమిళంతో పాటు తెలుగులోనూ నాటకాలు ఆడేది. ఆ సభ పుట్టుకలోనే తెలుగు పాలుంది. 1891లో బళ్లారి నుంచి ధర్మవరం కృష్ణమాచార్యులు సరస వినోదిని సభతో వచ్చి మద్రాసులో ప్రదర్శనలిచ్చారు. చదువుకున్నవాళ్లు, ఉద్యోగస్తులు గౌరవంగా రంగస్థలం ఎక్కడం చూసిన పమ్మళ్ సంబంధ మొదలియార్ ఆ ఏడే సుగుణ విలాస సభను ప్రారంభించారు. తమిళ ఔత్సాహిక నాటకరంగానికి నాంది ఒక తెలుగు బృందం అన్న సంగతి మన నాటక చరిత్రల్లో ఇంకా గట్టిగా చెప్పుకోవాల్సింది. తెరలు, లైట్లు, హార్మోనియం, పద్యం విని వన్స్‌మోర్ కొట్టే చెవులు, రెండు భాషల్లో రసం పట్టే అలవాటు, ఇవన్నీ సినిమా రాకముందే ఆ నగరంలో సిద్ధంగా ఉన్నాయి.

మూకీల కాలపు హాలు ఇవాళ్టి మనకు వింతగా కనిపిస్తుంది. తెర ముందు బల్లల మీదా నేల మీదా జనం, వెనక కుర్చీలు, ఒక పక్క ఆడవాళ్లకు వేరుగా చోటు. తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి ఉండేవాడు. అక్షరాలు తెరమీద మెరిసి మాయమయ్యే లోపు అతను వాటిని జనం భాషలో వినిపించాలి. వీరుడికి కత్తి దూసే మాటలు, దుష్టుడికి నవ్వు, నాయికకు ఏడుపు అన్నీ ఆ ఒక్క గొంతే పలకాలి. అమెరికా నుంచి వచ్చే ఎడ్డీ పోలో సీరియల్ చిత్రాలకు నేల జనం వెర్రెత్తిపోయేవారు. ఇంగ్లీషు రాకపోయినా కథ ఆగేది కాదు, ఎందుకంటే ఆ గొంతు దాన్ని వాళ్ల కథ చేసేది.

శ్రీలంక పండితుడు కార్తిగేసు శివతంబి, తమిళులంతా ఒకే కప్పు కింద కూర్చున్న మొదటి ప్రదర్శనశాల సినిమా హాలేనని అన్నారు. దీనికి ఆక్షేపణ ఉంది, అది బలమైనదే. హాలులోనూ అణాల లెక్కన మనుషుల్ని వేరు చేశారు, ఆడవాళ్లను అడ్డు కట్టి కూర్చోబెట్టారు, కుర్చీవాడు నేలవాడి వైపు చూడనైనా చూడలేదు. నిజమే. కానీ పుట్టుకను బట్టి చోటు నిర్ణయమయ్యే కచేరీ మండపానికీ, చేతిలో చిల్లరను బట్టి చోటు దొరికే హాలుకూ మధ్య దూరం చిన్నది కాదు. డబ్బు చేసే వేర్పాటు కూడా అన్యాయమే, కాకపోతే నాలుగణాలు ఎక్కువిస్తే దాటగలిగే అన్యాయం. 1928లో మ్యూజిక్ అకాడమీ వెలిసి శాస్త్రీయ సంగీతానికి ఒక మర్యాద గల ఇల్లు ఏర్పడింది. 1930 నుంచి నగర కార్పొరేషన్ రేడియో నడిపి మెరీనా ఒడ్డున లౌడుస్పీకర్లలో పాటలు వినిపించింది. సముద్రపు గాలితో పాటు సంగీతమూ ఉచితమైంది. ఈ మూడు చోట్లనూ కలిపి చూస్తేనే అప్పటి మద్రాసు అర్థమవుతుంది. వాటిలో అందరి దగ్గరా పైకం తీసుకుని అందరినీ లోపలికి రానిచ్చింది మాత్రం హాలే.

1931 అక్టోబరు 31న కినిమా సెంట్రల్‌లో ‘కాళిదాస్’ విడుదలైంది. బొంబాయిలో అర్దేశిర్ ఇరానీ నిర్మించగా హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వం వహించారు. మొదటి తమిళ టాకీగా పేరుపడ్డ ఈ చిత్రంలో నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడుతుంది, ఎదుట నాయకుడు తెలుగులో బదులిస్తాడు. త్యాగరాజ కీర్తనలున్నాయి, కథతో పొత్తులేని రాట్నం పాట కూడా ఉంది. ఇవాళ ఇది అతుకుల బొంతగా తోచవచ్చు. ఆ హాలులో కూర్చున్న నగరం దాన్ని అలా చూడలేదు. రెండు భాషలు, గుడి సంగీతం, గాంధీ రాట్నం వాళ్ల వీధిలో రోజూ పక్కపక్కనే ఉన్నవే. తెరమీద ఆ కలగలుపును ఒప్పుకునే ప్రేక్షకులు ముందే ఉన్నారు కనుకే అంత సాహసం చెల్లింది.

మద్రాసు రాష్ట్ర రాజధాని కనుక అన్నీ అక్కడికే చేరాయి, ఇందులో ప్రేక్షకుల గొప్పేమిటి అని కొందరంటారు. రాజధాని హోదా ఒక్కటే చాలేటట్టయితే ఢిల్లీలో స్టూడియోలు వరుసగా లేవాలి. ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటుంది. తెలుగు చిత్రాలకు డబ్బు వచ్చింది మద్రాసు హాళ్ల నుంచి కాదు, సర్కారు జిల్లాల నుంచి. బెజవాడలో 1921లోనే మారుతీ హాలు వెలిసింది, పంపిణీ వ్యాపారానికి ఆ ఊరే కేంద్రమైంది. దీన్ని కాదనడానికి లేదు. అయితే డబ్బున్న చోటే నిర్మాణం నిలవాలంటే, 1936లో రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య దుర్గా సినీటోన్ పెట్టి ‘సంపూర్ణ రామాయణం’ తీసినప్పుడే గోదావరి ఒడ్డు తెలుగు సినిమాకు సొంత ఇల్లు కావాలి. విశాఖపట్నంలో ఆంధ్రా సినీటోన్ కూడా ‘భక్త జయదేవ’ తీసింది. రెండూ నిలదొక్కుకోలేదు. యంత్రాలు కొని తెచ్చుకోవచ్చు. రిహార్సలుకు పిలిస్తే సాయంత్రానికి వచ్చే వయొలిన్ విద్వాంసుణ్ణి, రికార్డు కంపెనీ గుమస్తాను, పోస్టరు గీసే చిత్రకారుణ్ణి, రెండు భాషల పత్రికలను ఒక్క ఏడాదిలో తెచ్చిపెట్టలేరు. వాళ్లంతా మద్రాసు హాళ్ల చుట్టూ రెండు దశాబ్దాలుగా బతుకు వెతుక్కుంటున్నవాళ్లు. కారైక్కుడి నుంచి వచ్చిన ఏ.వి. మెయ్యప్పన్ సరస్వతి స్టోర్స్ పేర గ్రామఫోన్ రికార్డుల వ్యాపారం చేసే సినిమాలోకి దిగారు. ఆయన దారి ఆ నగరంలో ఎందరిదో దారి.

1934లో వేల్ పిక్చర్స్ ‘సీతాకల్యాణం’తో తెలుగు టాకీ మద్రాసులోనే తయారు కావడం మొదలయ్యాక నాలుగేళ్లు తిరిగేసరికి గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశారు. ఆయన సినిమాకు రాకముందు మద్రాసులో ‘ప్రజామిత్ర’ సంపాదకులు. కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి, పెట్టుబడి చల్లపల్లి రాజాది. పత్రికా, సాహిత్యమూ, జమీందారీ సొమ్మూ ఒక్క చిత్రంలో కలవడం ఆ నగరంలోనే సాధ్యపడింది. మరుసటి ఏడు ఆయనే ‘రైతుబిడ్డ’ తీస్తే జమీందారులు మండిపడి కొన్ని జిల్లాల్లో దాన్ని నిషేధింపజేశారు. హాలులో కూర్చున్న రైతు ఏమనుకుంటాడోనన్న బెదురు లేకపోతే బొమ్మను ఆపాల్సిన పని వాళ్లకేమిటి? సినిమా అంటే గిట్టని రాజగోపాలాచారి ప్రభుత్వం కూడా ఆ 1939లోనే వినోదపు పన్ను చట్టం తెచ్చింది. అప్పటి నుంచి టిక్కెట్టు పుస్తకాల మీద సర్కారు కన్ను పడింది.