టైమింగ్ బెల్టు – మా సందేహం

భౌతిక శాస్త్రం బోధించే మేము ఈ వార్షిక సంచికకు ఏటేటా నక్షత్రాలను గూర్చియో, కాంతిని గూర్చియో ఒక వ్యాసం వ్రాసి ఇస్తూ వచ్చాము. ఈసారి మోటారు కారులోని ఒక రబ్బరు పట్టీని గూర్చి వ్రాయబూనుకున్నాము. సంపాదక వర్గం వారికి ఇది అల్ప విషయమని తోచవచ్చును. మా జేబుకు, అంతకంటె ఎక్కువగా మన కళాశాల విద్యార్థిని ఒకరికి, అది అల్ప విషయం కాలేదు.

సందేహం ఇది. టైమింగ్ బెల్టును ఇన్ని వేల కిలోమీటర్లకు, లేదా ఇన్ని ఏండ్లకు, ఏది ముందు వస్తే అప్పుడు మార్చవలెనని కారుతో వచ్చే పుస్తకంలో వ్రాసి ఉంటుంది. బెల్టు తెగలేదు, పగలలేదు, బండి చక్కగా నడుస్తున్నది. అప్పుడు కూడా మార్చవలసిందేనా? లేక ఇది షెడ్డు వారికి పని, విడిభాగాల దుకాణదారుకు బేరం కల్పించే ఏర్పాటు మాత్రమేనా? 2018లో మేము ఈ రెండవ పక్షాన గట్టిగా నిలబడ్డాము.

మాది అప్పటికే ఒకరి చేతిలో నడిచిన పాత డీజిల్ కారు. దాని పేరు ఇక్కడ అనవసరం, తప్పు కారుది కాదు గనుక. పుస్తకంలో 80,000 కిలోమీటర్లు లేదా 5 ఏండ్లు అని ఉన్నది. మీటరు 92,000 చూపుతున్నది, బండికి ఏడేండ్లు నిండాయి. బెల్టు మార్పించామని అమ్మినవారు నోటిమాటగా చెప్పారు. ఆ సంగతి మా ఉస్తాద్ గారికి చెబితే ఆయన అడిగినది ఒక్కటే మాట: "కాగితముందా సార్?"

కాగితం లేదు.

"అట్లయితే మార్చనట్టే లెక్క. సెట్టు, నీళ్ల పంపు, కూలి అన్నీ కలిపి ఏడున్నర వేలవుతాది. మార్చాల సార్."

"తెగలేదు గదా ఉస్తాద్?"

"తెగినాంక మీరు బండిలో రారు సార్. బండినే తాడు కట్టి లాక్కొస్తారు."

ఆయన అంబాసిడర్ల కాలంలో పాన పట్టిన మనిషి. మాకంటె పదేండ్లు పెద్ద. షెడ్డులో ముగ్గురు కుర్రవాండ్రు పని నేర్చుకుంటున్నారు. వారు వింటుండగానే మేము, "మీకు పని తగ్గినప్పుడల్లా మా బండికి రోగం పుడుతుంది" అన్నాము. నవ్వుతూ అన్నామని తరువాత మాకు మేము చెప్పుకున్నాము. ఆయన నవ్వలేదు. చేతులు గుడ్డకు తుడుచుకొని, "మీ ఇష్టం సార్" అని మరొక బండి కిందకు వెళ్లిపోయారు.

ఇక ఈ బెల్టు చేసే పని ఏమిటో చెప్పవలసి ఉన్నది. ఇంజను అడుగున క్రాంక్ షాఫ్టు తిరుగుతుంది, దానిని పిస్టన్లు తిప్పుతాయి. పైన క్యామ్ షాఫ్టు తిరుగుతూ వాల్వులను తెరుస్తుంది. క్రాంకు రెండు చుట్లు తిరిగేసరికి క్యాము సరిగ్గా ఒక్క చుట్టు తిరగవలెను. ఒక్క పన్ను తేడా వచ్చినా ఇంజను లయ తప్పుతుంది. ఈ రెండింటిని జోడించేదే పళ్లు గల ఆ పట్టీ. విద్యార్థి మిత్రులు ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో క్రాంకు నిమిషానికి 2000 చుట్లు తిరుగుతున్నదనుకొందాము. అప్పుడు కిలోమీటరుకు 2000 చుట్లు, లక్ష కిలోమీటర్లకు 20 కోట్ల చుట్లు. ఒక్కొక్క వాల్వు అందులో సగం, అనగా 10 కోట్ల పర్యాయాలు తెరుచుకొని మూసుకుంటుంది. ఇదంతా ఇంజను వేడిలో, ఆ రబ్బరు మీద, దాని లోపల పేనిన గాజునార దారాల మీద ఆధారపడి జరుగుతుంది. ఈ లెక్క మాకు 2018లో కూడ తెలుసును. తరగతిలో చెప్పేవారము కూడ.

మన పెద్దల కార్లలో ఈ బాధ లేదు. 1489 సి.సి. అంబాసిడర్‌లోను, 1089 సి.సి. ప్రీమియర్ పద్మినిలోను ఉన్నది ఉక్కు గొలుసు. భారీగా ఉత్పత్తి అయిన కార్లలో మొదట పళ్ల రబ్బరు బెల్టును అమర్చినది జర్మనీలోని బవేరియాకు చెందిన గ్లాస్ సంస్థ, 1962లో, తన 1004 అను చిన్న కారులో. 1966లో ఇటలీవారి ఫియట్ 124 స్పోర్ట్ ఇంజనుకు అదే పద్ధతి వచ్చింది. మనకు 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800తో బెల్టు ఇంటింటి వస్తువయింది. గొలుసు కంటె తేలిక, చవక, నూనె అక్కరలేదు, మోత లేదు. ఈ మోత లేకపోవడమే దాని గొప్ప గుణంగా అందరూ మెచ్చుకున్నారు. గొలుసు కూడ చిరంజీవి కాదు, సాగుతుంది. కాని సాగిన గొలుసు గలగలమని ముందే చెబుతుంది. బెల్టు నోరు విప్పదు.

అదే సంవత్సరం డిసెంబరులో హైదరాబాదులో అంతర కళాశాలల పోటీలు జరిగాయి. మన కళాశాల నుండి బైత్‌బాజీకి ఇద్దరు అబ్బాయిలు, తెలుగు వక్తృత్వానికి ఒక అమ్మాయి ఎంపికైనారు. బస్సులో ఇబ్బంది ఎందుకని మా కారులోనే తీసుకొని పోతామని కమిటీ వారికి మేమే చెప్పాము. ఉదయం ఏడు గంటలకు కర్నూలులో బయలుదేరి, బీచుపల్లి వద్ద కృష్ణ దాటి, పెబ్బేరు సమీపించాము. బండి ఎనభై మీద ఉన్నది. వెనుక సీటులో అబ్బాయిలు ఒకరికొకరు షేర్లు అందించుకుంటున్నారు. ఉన్నట్టుండి ఇంజను చప్పుడు ఆగిపోయింది. పెద్ద శబ్దం లేదు, పొగ లేదు, దీపం ఆరినట్లు ఆరిపోయింది. బండి తన ఊపుతో వచ్చి రోడ్డు పక్కన నిలిచింది. తాళం తిప్పితే స్టార్టరు తిరిగింది గాని, ఎప్పటివలె బరువుగా తిరగలేదు. కుట్టు మిషను వలె తేలికగా, గిర్రున తిరిగింది. లోపల గాలిని బిగబట్టే వాల్వులు లేనప్పుడే ఆ చప్పుడు వస్తుందని భౌతిక శాస్త్రం చదివిన మాకు వెంటనే అర్థమయింది. అర్థమైనదానిని అబ్బాయిలకు చెప్పడానికి నోరు రాలేదు.

గంటకు బస్సు దొరికింది. నిలబడి ప్రయాణం. ఆ అమ్మాయి కమ్మీ పట్టుకొని దారి పొడవునా పెదవుల కదలికతో తన ఉపన్యాసం వల్లించుకుంటూనే ఉన్నది. మేము చేరేసరికి ఒంటిగంట. బైత్‌బాజీ మధ్యాహ్నం గనుక అబ్బాయిలకు అవకాశం దక్కింది. వక్తృత్వం పది గంటలకు మొదలై ముగిసిపోయింది. నిర్వాహకులను బ్రతిమాలాము. బహుమతుల జాబితా అప్పటికే సంతకాలైనదని వారు చెప్పారు, వారి తప్పేమీ లేదు. అమ్మాయి "పర్లేదు సార్" అన్నది. రెండు నెలలు సాధన చేసింది. అది ఆమెకు డిగ్రీ చివరి సంవత్సరం.

కారును తాడు కట్టే లాక్కొచ్చాము. హెడ్డు విప్పగా ఎనిమిది వాల్వులలో ఆరు వంగి ఉన్నాయి. రెండు పిస్టన్ల మీద గోరు నొక్కినట్లు నెలవంక గుర్తులు. బెల్టు పని ఆగగానే క్యాము ఎక్కడిదక్కడ నిలిచిపోతుంది. క్రాంకు మాత్రం బండి ఊపుకు తిరుగుతూనే ఉంటుంది. తెరిచి ఉన్న వాల్వులకు పైకి వచ్చే పిస్టన్లు తగులుతాయి. అన్ని ఇంజనులూ ఇట్లా కావు. వాల్వు పూర్తిగా తెరిచినా పిస్టను తాకనంత చోటు ఉంచిన పెట్రోలు ఇంజనులు కొన్ని గలవు. వాటిలో బెల్టు పోతే బండి ఆగుతుందే తప్ప ఇంజను చెడదు. అటువంటి బండి గలవారు మా కంటె ధైర్యంగా ఉండవచ్చును, వారిని తప్పు పట్టము. డీజిల్ ఇంజనులో గాలిని బాగా అదమవలసి ఉంటుంది గనుక ఆ చోటు మిగలదు. ఖర్చు మొత్తం 41,000 రూపాయలు.

ఉస్తాద్ గారు ఆ బెల్టును మా చేతికి ఇచ్చారు. మేము ఆశ్చర్యపోయాము. అది తెగలేదు! వలయం వలయంగానే ఉన్నది. వీపు వైపు చీలిక లేదు, పగులు లేదు. తిప్పి చూస్తే ఒక్కచోట ఏడెనిమిది పళ్లు చెక్కినట్లు లేచిపోయాయి. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగు గ్రీజు ఎండి పట్టుకుపోయిందట. అది నిలిచేసరికి పళ్లు జారిపోయాయి. ఉదయం పూట సన్నని ఈల వంటి శబ్దం వినిపించేదా అని ఆయన అడిగారు. వినలేదని చెప్పలేము. విని ఉంటే ఫ్యాను బెల్టు అనుకొని ఉంటాము.

అంటే బెల్టు ఒక్కటే మార్పించి ఉన్నా మా గతి అదే. "సెట్టు మొత్తం ఎందుకు, దోపిడి కాకపోతే" అని మేము వాదించిన మాట అక్కడికక్కడే కూలిపోయింది. మూత విప్పి బెల్టును చూసి, బాగుంటే ఉంచుదామని మరి కొందరు అంటారు. చూచినా మా బెల్టు బాగానే కనిపించి ఉండేది. పాత రకం రబ్బరు పగుళ్లు చూపేది, నేటి మేలు రకం రబ్బరు చివరిదాకా నునుపుగానే ఉండవచ్చును.

మా సహాధ్యాపకులు ఒకరు తమ బండి లక్షన్నర కిలోమీటర్లు మొదటి బెల్టుతోనే నడిచిందని స్టాఫ్ రూములో చెబుతుండేవారు. నిజమే చెప్పారు. ఆయన మాటే మమ్ములను ఎక్కువగా నమ్మించింది. అయితే బెల్టు నిలిచినవారే సభలో ఆ మాట చెబుతారు. పోయినవారు మా వలె నోరు మూసుకొని బిల్లు కడతారు. మనకు వినిపించే సాక్ష్యమంతా ఒకే పక్షానిది. సంఖ్యాశాస్త్రం వారికి ఇది పాత పాఠమే, మాకు కొత్తగా ఎక్కింది.

2005 నుండి వచ్చిన ఇన్నోవా డీజిల్ బండ్లలో "టి-బెల్ట్" అని ఒక దీపం ఉండేది. నిర్ణీత దూరం పూర్తి కాగానే వెలుగుతుంది. దానికి బెల్టు కనిపించదు, కిలోమీటర్లు మాత్రమే తెలుసును. బెల్టు మార్చకుండా దీపాన్ని మాత్రం ఆర్పించుకొని పోయే డ్రైవర్లు ఉన్నారు. దీపాన్ని చూచి మేమూ ఒకప్పుడు నవ్వాము, లెక్కపెట్టడం తప్ప దానికేమి తెలుసునని. బెల్టు విషయంలో లెక్కకు మించిన తెలివి ఉస్తాద్ గారికీ లేదు, తయారీదారుకూ లేదు. తయారీదారుల లెక్క ఎల్లవేళలా సరియైనదని కూడ చెప్పము. ఐరోపాలో ప్యూజో, సిట్రోయెన్ కార్ల 1.2 ప్యూర్‌టెక్ ఇంజనులలో బెల్టును నూనెలోనే తిరగనిచ్చారు. ఆ బెల్టు పొరలు ఊడి నూనె జల్లెడను మూసివేయసాగాయి. 2024లో ఆ సంస్థ వారంటీని 10 ఏండ్లకు లేదా 1,75,000 కిలోమీటర్లకు పొడిగించింది. తరువాతి ఇంజనుకు గొలుసునే అమర్చింది. అక్కడ పుస్తకం చెప్పిన గడువుకు ముందే బెల్టు చెడిన బండ్లు ఉన్నాయి.

బండి తీసుకొనడానికి వెళ్లిన రోజున ఆ ముగ్గురు కుర్రవాండ్రు టీ తాగుతున్నారు. వారి ముందే, "ఆ రోజు మేమన్న మాట తప్పు ఉస్తాద్, క్షమించండి" అన్నాము. ఆయన ఇబ్బందిగా కదిలి, కుర్రవాండ్ర వైపు చూచి, మాట మార్చడానికన్నట్లు అడిగారు: "ఆ పాప పోటీ ఏమయింది సార్?" దానికి మా వద్ద సమాధానం లేదు. ఆ అమ్మాయి మరుసటి వేసవిలో డిగ్రీ పూర్తి చేసుకొని వెళ్లిపోయింది.

2023 డిసెంబరులో అయిదేండ్లు నిండాయి. మీటరు మాత్రం 1,31,000 దగ్గరే ఉన్నది. అనగా నడిచినది 39,000, గడువులో సగం కూడ లేదు. పాత బుద్ధి ఒకసారి తల ఎత్తింది, దాచము. దూరం మిగిలి ఉన్నది గదా, మరొక ఏడాది చూస్తే ఏమి? రబ్బరు బండి నడవకపోయినా వేడికి, వయసుకు గట్టిపడుతుందని మాకు తెలుసును. తెలిసినంత మాత్రాన మనసు మాట వినదు. చివరకు సెట్టు మార్పించి, తేదీ, కిలోమీటర్లు ఉర్దూలోను తెలుగులోను వ్రాసిన కాగితం బానెట్ లోపల అంటింపజేశాము.

రెండు బెల్టులూ మన ప్రయోగశాల బీరువాలో ఉన్నాయి. చక్రాల నిష్పత్తి పాఠం వచ్చినప్పుడు వాటిని పళ్ల వైపు కిందికి పెట్టి బల్ల మీద పరుస్తాము. వీటిలో ఏది బండిని ఆపినదో చెప్పమని అడుగుతాము. 2023లో తీసినదాని అంచున కొంచెం నూనె మరక ఉన్నది. విద్యార్థులు ఎక్కువమంది దానినే చూపుతారు.