పాకం పదును

పంచదారకూ నీళ్ళకూ కొలత చెప్పవచ్చును గాని, పాకం ఎన్ని నిమిషాలు మరగాలో చెప్పడం ఎవరి తరమూ కాదు. వెడల్పయిన మూకుడులో నీరు త్వరగా ఆవిరైపోతుంది. లోతు గిన్నెలో ఆలస్యమవుతుంది. నీరు తగ్గినకొద్దీ పాకం వేడి పెరుగుతుంది. ఆ వేడిని బట్టే పదును.

తమిళదేశంలో మేము ఎన్ని తరాలుగా వుంటున్నామో లెక్క చెప్పగలవారు మా ఇంట్లో ఎవరూ లేరు. బజారులో మిఠాయి కొట్టువారు "ఒరు కంబి పదం" అన్నదానినే మా వంటింట్లో ఒంటితీగ పాకం అంటాము. కన్నడదేశంలోని మా చుట్టాలు "ఒందెళె పాక" అంటారు. మహారాష్ట్రులు "ఏక్‌తారీ" అంటారు. బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ నడుమ సాగే ఆ పోగును చూచే అందరూ పేరు పెట్టుకొన్నారు.

గిన్నెడు పంచదారకు అరగిన్నెడు నీళ్ళు చాలును. కరిగేదాకానే గరిటె పెట్టాలి. మరుగు పట్టిన తర్వాత కలపరాదు. అంచున అంటుకొన్న పలుకులు లోపల పడితే వాటిని పట్టుకొని పాకమంతా తిరిగి పంచదారై కూర్చుంటుంది. అందుకే తడిగుడ్డతో అంచు తుడవాలి. నాలుగు బొట్లు నిమ్మరసం పిండితే పంచదారలో కొంతభాగం గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోయి పలుకు కట్టనివ్వదు. ఇది పుస్తకాల మాట. మా అమ్మగారు పుస్తకం చూడకుండానే పిండేవారు. మడ్డి కనిపిస్తే చెంచాడు పాలు పోసి, తేలిన తెట్టును తీసివేయడమే.

వ్రేళ్ళకు జిగట తగిలితే గులాబ్‌జాములకు సరి. ఒంటితీగ వస్తే బూందీ లడ్లకూ మైసూరుపాకుకూ. అరిసెలకు బెల్లపు పాకం చన్నీళ్ళలో వేస్తే మెత్తని ఉండ కావాలి. ఇంకా ముదిరి, నీళ్ళలో పడగానే గాజుముక్కలా విరిగితే వేరుసెనగ అచ్చుకు పనికివస్తుంది. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన కోవిల్‌పట్టి కడలైమిఠాయి ప్రాణమంతా ఈ ముదురు పాకంలోనే వున్నది.

అమ్మగారికి ఎనభై దాటినవి. కంటికి పొర వచ్చింది. పోయిన దీపావళికి తీగ కనబడక, వ్రేళ్ళ మధ్య సాగే పట్టును బట్టి చెప్పారు. చేయి కూడా వణుకుతున్నది. ఆమె తర్వాత ఈ పదును ఎవరికి తెలియాలి?

బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి పాకంలో ముంచే ఉష్ణమాపకం కొనితెచ్చింది. "జ్వరం వచ్చిందా పాకానికి?" అన్నారు అమ్మగారు. అయినా పంచదార పాకం పెట్టించి, ఆవిడ పదును చెప్పిన క్షణాన అంకె చూచాము. "తీగ" అన్నప్పుడు 108 డిగ్రీల సెంటిగ్రేడు. "ఉండ" అన్నప్పుడు 114. "విరుగుతుంది" అన్నప్పుడు 150. పుస్తకాలు చెప్పే హద్దులు దాటలేదు!

గుమాస్తా పని చేసేవాళ్ళం గనుక వెంటనే నోటుపుస్తకంలో గళ్ళు గీశాము. ఒక గడిలో అంకె, ఒక గడిలో అమ్మగారి మాట. చిక్కల్లా ఇక్కడే వచ్చింది. అమ్మాయికి తెలుగు మాట్లాడడం వచ్చును, చదవడం రాదు. తమిళ లిపిలో క, గ లకు అక్షరం ఒక్కటే. తీగ అని వ్రాస్తే ఎవరైనా తీక అని చదవవచ్చును. "అంకెలు చాలులే, మాటలెందుకు?" అన్నది మా అమ్మాయి.

అమ్మగారు ఒప్పుకోలేదు. "అంకె నీ యంత్రానిది. తీగ నాది. అది పోతే నేను నీకేమిచ్చినట్టు?" అన్నారు.

ఆ రాత్రి అమ్మాయి పలక కోసం వెదికింది. దొరకలేదు. నోటుపుస్తకం వెనుక పుటలోనే తీ, గ, ఉం, డ అని వ్రాయించాము. "డ" వంకరగానే వస్తున్నది.

రాబోయే దీపావళికి మూకుడు దగ్గర అమ్మాయి, ప్రక్కన కుర్చీలో అమ్మగారు అని ఏర్పాటు. అరిసెలకు బెల్లం ఇంకా తేవలసివున్నది.