డైరెక్టు

ఇంట్లో వస్తువు చెడిపోయినప్పుడు బాగుచేయించడమా, మార్చడమా అన్నది ధర్మసందేహాలన్నిటిలోకీ చిక్కయినది. యక్షుడు ఈ ప్రశ్న వెయ్యలేదు గనక ధర్మరాజు బతికిపోయాడు.

మొన్న సరిగ్గా నెలాఖరు చూసుకుని మా ఎలక్ట్రిక్ ఓవెను వేడెక్కడం మానేసింది. మెకానిక్కు విప్పి చూసి, "కడ్డీలు బావున్నాయి మాస్టారూ, థర్మోస్టాటు పోయింది. కొత్తది వేస్తే 650. డైరెక్టు చేసెయ్యమంటే 150తో పోతుంది. వేగగానే అమ్మగారు స్విచ్చి కట్టేస్తే సరి!" అన్నాడు.

కొత్త ఓవెను 7000 పైమాట. మా ఆవిడ 150 వేపే మొగ్గింది. నెలాఖరు లెక్కలు ఆవిడవి గదా!

థర్మోస్టాటు అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. వేడికి ఒకటి ఎక్కువా, ఒకటి తక్కువా సాగే రెండు లోహపు రేకుల్ని కలిపి అతికిస్తారు. వేడెక్కితే ఆ జంట ఒక వేపు వంగి కరెంటును తెంపుతుంది. చల్లారితే సర్దుకుని మళ్లీ కలుపుతుంది. ఒకరికి కోపం ఎక్కువా, ఒకరికి తక్కువా అయిన దంపతుల్లాగన్నమాట. ఆ తేడా వల్లనే ఇల్లు నిలబడుతుంది.

డైరెక్టు చెయ్యడమంటే ఆ జంటను తప్పించి తీగలు కలిపెయ్యడం. మాది 1500 వాట్లది. ఎవరో ఒకరు ఆపేదాకా ఆ 1500 వాట్లూ కాలుతూనే వుంటాయి. టైమరుందిగా అంటారేమో, దానికి తెలిసింది కాలమే గాని వేడి కాదు.

సాయంత్రం పిల్లలు బడినించి వచ్చే వేళకి మేమిద్దరం ఇంకా దారిలోనే వుంటాం. వాళ్లకి చిలకడదుంపలు కాల్చిపెట్టేది మా అమ్మ. ఆవిడకిప్పుడు డెబ్బై యెనిమిదో యేడు. ఈమధ్య పొయ్యిమీద పాలు పెట్టి, ఆ సంగతే మరిచి, పెరట్లో పూలు కోసుకుంటోంది. 500 రూపాయలు మిగుల్చుకుని ఆ కాపలా ఉద్యోగం ఆవిడ నెత్తిన పెట్టడమా?

ఈ మాట అనగానే మా ఆవిడ మారు మాట్లాడకుండా బీరువా తెరిచి 650 లెక్కపెట్టి ఇచ్చింది. మెకానిక్కు కూడా నొచ్చుకోలేదు. "అందరూ చవకలో చెయ్యమంటారండీ, అందుకని అదీ చెబుతాం" అన్నాడు. పోతూ పోతూ వదులైన ఎర్తు తీగ కూడా బిగించి వెళ్లాడు.

చవక మరమ్మతుకి నేను విరోధిని కాను సుమండీ! తలుపు పిడి ఊడితే చెక్కపిడి బిగించుకోవచ్చు. ఎర్రదీపం మాడితే దీపం లేకుండానే వండుకోవచ్చు. వస్తువుకి అందం తగ్గితే తగ్గనీండి. దానికున్న బుద్ధి తీసేసి, ఆ లోటు ఇంట్లోవాళ్లను పూడ్చమనడం మాత్రం చవక కాదు.

ఇప్పుడు వంటింట్లో "టక్" మనగానే మా అమ్మ పిల్లలతో, "దానంతటదే ఆరిందర్రా" అంటోంది. ఆ చప్పుడు వెల 500 రూపాయలు. ఎక్కువ పెట్టామని ఇంట్లో ఎవరూ అనలేదు.